బొట్టు పెట్టిన లాకు

ఆయుధపూజ నాడు బొట్లు పెట్టడంలో రుక్మిణమ్మకు వంక పెట్టగలిగినవాళ్ళు మదనపల్లె మొత్తం మీద లేరు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల వీధి మలుపున వాళ్ళ డిజైన్ల అంగడి. పదడుగుల గది. ఆ గదిలో కదిలేవీ కదలనివీ ఏవీ ఆ రోజు ఆమె చేతిని తప్పించుకోలేకపోయాయి. కంప్యూటరు తెరకు మూడు బొట్లు, కీబోర్డుకు రెండు, ప్రింటరుకు ఒకటి, ఫ్యాను స్విచ్చుకు కూడా ఒకటి. మౌసు మీద చేమంతి పువ్వు. యూపీఎస్ ముందు కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు. అన్నీ అయ్యాక లాకు ఒక్కటి మిగిలింది.

లాకు అంటే తలుపుకు వేసే తాళం కాదు. చిటికెన వేలంత నీలం ప్లాస్టిక్ ముక్క. పట్టుచీరల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేరుతో పాటు కంపెనీవాళ్ళు ఇస్తారు. అది కంప్యూటరు వెనక దూర్చి ఉంటేనే సాఫ్ట్‌వేరు తెరుచుకుంటుంది. తీసేస్తే ఎంత బతిమాలినా తెరుచుకోదు. ఒకరు కొన్నదాన్ని పదిమంది వాడుకోకుండా ఈ ఏర్పాటు. పన్నెండేళ్ళ కిందట దాన్ని తెచ్చిన రోజున ముద్దుకృష్ణ వీధంతా పేడాలు పంచాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో లాకుకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు.

ఏటా దాన్ని కదిలించకుండా వీపు మీదే ఇంత గంధం రాసి ఊరుకునేవాళ్ళు. ఈసారి రుక్మిణమ్మకు సందేహం వచ్చింది. దేవుడికైనా మనిషికైనా వీపుకు బొట్టు పెట్టడం ఏమిటి?

"ఏమప్పా, దీనికి యాడ పెట్టేది బొట్టు?" అని మొగుణ్ణి అడిగింది.

ముద్దుకృష్ణ ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి ఎవరితోనో జరీ రంగుల గురించి మాట్లాడుతున్నాడు. "బొట్టు యాడ పెడతారు మే? ముఖానికి పెట్టు" అన్నాడు.

ఇంక ఆలోచించడానికేముంది? లాకుకు ముఖమంటే లోపలికి దూరే కొనే కదా. రుక్మిణమ్మ దాన్ని ఊడబెరికి, ఆ ఇనుప నోటినిండా తడి గంధం పట్టించి, నడుమ కుంకుమ దిద్ది, హారతి చూపించి, కళ్ళకద్దుకుని మళ్ళీ ఉన్నచోటనే దూర్చింది. లాకు మీది చిన్న లైటు రెండుసార్లు గబగబా కొట్టుకుని ఆరిపోయింది. పూజకు సంతోషించి కన్ను గీటిందనుకుంది రుక్మిణమ్మ.

మరునాడు కంప్యూటరు తెరిస్తే లాకు దొరకలేదని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. ముద్దుకృష్ణ దాన్ని పీకి అగ్గిపుల్లతో గీకాడు, స్పిరిట్‌తో తుడిచాడు, ఎండలో పెట్టాడు, ఎవరో చెప్పారని ఒక పూటంతా బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. బియ్యంలోంచి గంధం వాసన వచ్చింది గాని లాకుకు ప్రాణం రాలేదు.

అక్కడినుంచి మొదలైంది అసలు పూజ, రుక్మిణమ్మకు. అంగడికి వచ్చినవాళ్ళందరికీ ముద్దుకృష్ణ లాకును అరచేతిలో పెట్టి చూపించి, ఇది మా ఆడమనిషి భక్తి అని చెప్పేవాడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. పాలు తెచ్చే ఆమె కూడా ఏమక్కా లాకుకు బొట్టు పెట్టినావంటనే అని పలకరించింది. ముఖానికి పెట్టమన్నది ఎవరో మాత్రం ఏ నోటా రాలేదు. రుక్మిణమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా కోపం ఎక్కువ వచ్చింది.

ఆ లాకుతో ఆమెకు వేరే లెక్క కూడా ఉంది. అది రాకముందు ఆ అంగడిలో పని ఇద్దరిది. అప్పట్లో డిజైను గళ్ళ కాగితం మీద గీసేవాళ్ళు. నింపిన గడి దగ్గర పోగు లేవాలి, ఖాళీ గడి దగ్గర లేవకూడదు. రుక్మిణమ్మ కాగితం ముందు కూర్చుని వరస వరసా పైకి చదివేది: మూడు ఎత్తు, రెండు వదులు, ఒకటి ఎత్తు, ఏడు వదులు. ఆమె చదివినట్టల్లా ముద్దుకృష్ణ అట్టకు రంధ్రాలు కొట్టేవాడు. ఒక్కో వరసకు ఒక్కో అట్ట. అట్టలన్నీ దండ కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే చీర అంచులో హంసలూ మామిడి పిందెలూ వచ్చేవి. పదిహేనేళ్ళు అలా చదివింది. తప్పు చదివిన రోజు లేదు. సాఫ్ట్‌వేరు వచ్చాక చదివేవాళ్ళతో పని లేకపోయింది. పేడాలు పంచిన రోజు ఆమె కూడా రెండు తిన్నది. తన ఉద్యోగం పోయిందని తెలియడానికి వారం పట్టింది.

ఇప్పుడు అసలు కష్టం చీర. పుంగనూరులో పుట్టి కుప్పంలో మెట్టిన శారదమ్మ కుప్పంలో కొత్త ఇల్లు కట్టించింది. కార్తీకంలో గృహప్రవేశం. ఇంట్లోకి మొదట ఆవు అడుగుపెట్టాలి కదా, ఆమె పుట్టింటినుంచి పుంగనూరు ఆవునే తోలించుకుంటోంది. ఆ రోజు తను కట్టే పట్టుచీర అంచు పొడుగునా కూడా పుంగనూరు ఆవులే ఉండాలని ఆమె పంతం. అంచులో నెమళ్ళు, ఏనుగులు ఎవరైనా వేస్తారు. మూడడుగుల పొట్టి ఆవును, దాని కుదిమట్టమైన కాళ్ళతో, నేలను తాకే తోకతో వేసినవాడు నీరుగట్టువారిపల్లెలో ఇంతవరకూ లేడు. ఆ డిజైను నిలబడితే ముద్దుకృష్ణ అంగడి నిలబడుతుంది. ఎందుకంటే రెండేళ్ళుగా పనులన్నీ వెనక వీధిలోని కుప్పుస్వామికే పోతున్నాయి. కుప్పుస్వామికి అద్దాల తలుపు ఉంది, ఏసీ ఉంది, ప్రాణమున్న లాకు ఉంది.

ఆ కుప్పుస్వామి రెండో రోజే పరామర్శకు వచ్చాడు. చాలా జాలిపడ్డాడు. నా లాకు గడప దాటదు గాని ముద్దుకృష్ణప్పా, నువ్వే మా అంగడికి వచ్చి ఒక మూల కూర్చుని ఆవును గీసుకో, చీర మాత్రం నా కింద పోతుంది అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా గీస్తున్నవాణ్ణి మూల కూర్చోమనడం విని ముద్దుకృష్ణ ముఖం నల్లబడింది. అతను ఆలోచించి చెబుతానన్నాడు. ఆలోచించడం అంటే సగం ఒప్పుకున్నట్టే అని రుక్మిణమ్మకు తెలుసు. మొగుడు తన బొట్టు వల్ల ఇంకొకరి అంగడిలో మూల కూర్చోవడం ఆమె చూడగలిగేది కాదు.

కంపెనీకి ఫోను చేశారు. అవతల మాట్లాడిన అమ్మాయి మర్యాదస్తురాలు. ఆ లాకు పాత రకమట, ఇప్పుడు రావడం లేదట. పాత లాకును పంపిస్తే వెతికి మార్చి ఇస్తారు గాని నెల పట్టవచ్చట. కొత్త సాఫ్ట్‌వేరు అయితే వెంటనే ఇస్తారు, కాకపోతే అది కొత్త విండోస్ మీదే నడుస్తుంది, ఆ కొత్త విండోస్ ఈ పాత కంప్యూటరు మీద నడవదు. అంటే ఒక్క బొట్టుకు కంప్యూటరు, విండోస్, సాఫ్ట్‌వేరు, లాకు అన్నీ కొత్తవి రావాలి. ఇంతకీ లాకు ఎలా చెడిపోయింది సార్ అని అడిగింది ఆ అమ్మాయి. ఫోను స్పీకరులో ఉంది. రుక్మిణమ్మ ఎదురుగా నిలబడి చూస్తోంది.

ముద్దుకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "తడి తగిలిందమ్మా. నేనే తగిలించినాను" అన్నాడు.

అతని నోట ఆ మాట రావడానికి కంపెనీ అమ్మాయి అడగవలసి వచ్చింది. రుక్మిణమ్మ లోపలికి వెళ్ళి మూడు రోజులుగా మానేసిన రెండో పూట కాఫీ పెట్టి తెచ్చి ఇచ్చింది. ముద్దుకృష్ణ చచ్చిన లాకును ఆ మధ్యాహ్నమే కంపెనీకి కొరియరులో పంపాడు.

దసరా సెలవులకు వచ్చిన తేజస్విని అప్పటికి రంగంలోకి దిగింది. రుక్మిణమ్మ తమ్ముడి కూతురు, కుప్పంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం. లాకులు, తాళాలు అంటే ఆ పిల్లకు ఒళ్ళు మంట. కంప్యూటరు మనది, డిజైను మనది, తాళం చెవి మాత్రం ఇంకొకరి దగ్గర ఉండడమేంటి మామా అని ఉపన్యాసం ఇచ్చింది. విండోస్ తీసేసి లినక్స్ వేస్తాను, అది ఎవరి సొత్తూ కాదు, అందరిదీ, లాకు అడగదు, పాత కంప్యూటరునూ చీదరించుకోదు అంది. పాత డిజైన్లన్నీ ఒక హార్డ్‌డిస్కు డబ్బాలోకి ఎక్కించి భద్రం చేసి, అర పూటలో లినక్స్ వేసేసింది. తెర మీద లినక్స్ గుర్తుగా పొట్ట తెల్లగా, వీపు నల్లగా ఒక పక్షి కనిపించింది. ముద్దుకృష్ణ దాన్ని పరీక్షగా చూసి, చీర ఒంటి మీది బుటాకు బాగుంటుంది, రెండు రంగులతోనే అయిపోతుంది అన్నాడు.

కంప్యూటరు గుర్రంలా పరిగెత్తింది. తేజస్విని ఒక్కోటీ తెరిచి చూపించింది. ఉత్తరాలు రాసేది ఉంది, ఊరికే, పైసా అడగదు. లెక్కలు వేసేది ఉంది, ఊరికే. పాటలు వినేది, సినిమాలు చూసేది, నక్షత్రాల లెక్క చెప్పేది కూడా ఉంది. చీరల డిజైన్లు గీసేది మాత్రం లేదు. పాత డిజైన్లు ఉన్నాయి, ఏ ఒక్కటీ తెరుచుకోవు. పన్నెండేళ్ళు ముద్దుకృష్ణ గీసిన హంసలూ చిలకలూ అన్నీ ఆ సాఫ్ట్‌వేరు భాషలోనే ఉన్నాయి. తేజస్వినికి అప్పుడు కొంచెం గొంతు తగ్గింది.

మళ్ళీ కంపెనీకి ఫోను. మీ సాఫ్ట్‌వేరు లినక్స్‌కు ఉందా అమ్మా అని ముద్దుకృష్ణ అడిగాడు. లేదు సార్, ఎవరూ అడగరు అందామె. నేను అడుగుతాండాను గదా అన్నాడు. మీరు ఒక్కరే సార్, ఒక వందమంది అడిగితే పైవాళ్ళకు చెప్పి చూస్తాం అంది. వందమంది ఎంతసేపు అనుకుని ముద్దుకృష్ణ టీ అంగడి దగ్గర నిలబడ్డాడు. డిజైన్ల పని చేసే ప్రతివాణ్ణీ ఆపి లినక్స్‌కు మారతావా అని అడిగాడు. ఒకడు అది మోకాళ్ళ నొప్పుల నూనె అనుకున్నాడు. తక్కినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు, ముందు సాఫ్ట్‌వేరు రానీ, అప్పుడు మారతాం అన్నారు. ముందు మనుషులు రండి అప్పుడు సాఫ్ట్‌వేరు ఇస్తాం అని అక్కడ, ముందు సాఫ్ట్‌వేరు ఇవ్వండి అప్పుడు వస్తాం అని ఇక్కడ. ఇద్దరి మధ్య ముద్దుకృష్ణ రెండు టీలు తాగి ఇంటికి వచ్చాడు.

దారి తేజస్వినే కనిపెట్టింది. అట్టలకు రంధ్రాలు కొట్టే మిషను ఇప్పుడు హరీష్ అనే ఆయన దగ్గర ఉంది. ఆయన్ను పోయి అడిగితే, నా మిషనుకు సాఫ్ట్‌వేరుతో పనేముందమ్మా, నలుపు తెలుపు చుక్కల బొమ్మ ఇస్తే చాలు, చుక్క ఉన్నచోట రంధ్రం పడుతుంది అన్నాడట. చుక్కల బొమ్మ గీసేది లినక్స్‌లో ఉంది, అది కూడా ఊరికే. తేజస్విని ఎగిరి గంతేసింది. శారదమ్మ పంపిన ఫోటో ముందు పెట్టుకుని ఒక రోజంతా కూర్చుని ఆవును గీసింది. ముద్దుకృష్ణ పక్కన నిలబడి కొమ్ము సరిచేయించాడు, గంగడోలు తగ్గించాడు. ఆవు ముద్దొచ్చింది. హరీష్ అట్టలు కొట్టాడు. నేతగాడు దాసప్ప తన మగ్గం మీద జానెడు నమూనా నేశాడు.

దాసప్ప ఆ నమూనాను తెచ్చి బల్ల మీద పరిచి పక్కకు తప్పుకున్నాడు. ఆవు కాళ్ళు మేడ మెట్లంత పొడుగు. మెడ ఆకాశంలోకి. తోక బావి చేంతాడులా వేలాడుతోంది. అందరూ దాని మీదికి వంగి చూస్తుండగానే తేజస్విని ఉత్సాహంలో ముందే ఫోటో తీసి శారదమ్మకు పంపేసిందని బయటపడింది. ఆ వెంటనే ఫోను మోగింది.

"ముద్దుకృష్ణప్పా, నేను అడిగింది పుంగనూరు ఆవు. నువ్వు ఒంటెకు కొమ్ములు పెట్టి పంపినావు" అంది శారదమ్మ. ఆమె కోపంగా కూడా లేదు, అదే ఎక్కువ బాధ. ఆదివారం లోపల ఆవు సరిగ్గా రాకపోతే పనిని కుప్పుస్వామికి ఇస్తానని, గృహప్రవేశం ఆగదు కదా అని చెప్పి పెట్టేసింది. ఆ రోజు శుక్రవారం.

తేజస్విని బొమ్మను పైనుంచి నొక్కి పొట్టి చేసింది. కంప్యూటరు అదెంత పని అన్నట్టు ఒక్క క్షణంలో నొక్కేసింది. నొక్కుడులో ముందరి కాలు ఒకటి ఎగిరిపోయింది, కన్ను పోయింది, తోక మూడు ముక్కలైంది. ఒంటి పోగు మందాన ఉన్న గీతలన్నీ మాయం. మళ్ళీ ఇంకో రకంగా నొక్కితే కాలు వచ్చింది, కొమ్ములు పోయాయి. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముద్దుకృష్ణ చెప్పులు వేసుకున్నాడు. యాడికి అంటే చెప్పలేదు. చెప్పకపోయినా రుక్మిణమ్మకు తెలుసు, కుప్పుస్వామి అంగడికి.

ఆమె నమూనాను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో అడ్డంగా నిమిరింది, నిలువుగా నిమిరింది. తరువాత తెర దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని గళ్ళను చూసింది.

"ఈ గళ్ళు నలుమూలలా సమానంగా ఉండాయి గదే తేజూ" అంది.

గళ్ళంటే అంతే కదత్తా అంది తేజస్విని. కాదంది రుక్మిణమ్మ. నిలువున పోయే పడుగు పోగులు ఒత్తుగా ఉంటాయి, అడ్డంగా నేసే పేకలో జరీ లావుగా ఉంటుంది. అందుకని చీర మీద ప్రతి గడీ నిలువుగా సాగి వస్తుంది. తాము చదివిన కాగితాల్లో గడి నిలువుగానే అచ్చయి ఉండేది. అడ్డంగా పది గళ్ళు ఎంత పొడుగో, నిలువుగా ఏడు గళ్ళు అంత పొడుగు. అందుకే కాగితం మీద ఎలా కనిపిస్తే చీర మీద అలా వచ్చేది. సాఫ్ట్‌వేరు కూడా ఆ సంగతి తనలో తనే చూసుకునేది, ఎవరికీ చెప్పేది కాదు. ఈ ఊరికే వచ్చినదానికి చీర సంగతి ఏం తెలుసు? అది అన్ని గళ్ళనూ సమానంగా చూస్తుంది.

చెప్పులు వేసుకున్న ముద్దుకృష్ణ గడపలోనే ఆగిపోయాడు. పదికి ఏడు. తను నూరు డిజైన్లు ఆ లెక్కన గీసినవాడు. పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేరు చూసుకుంటుంటే లెక్క మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది. రోజూ చపాతీలు చేయించుకుని తినేవాడికి పిండిలో నీళ్ళెన్నో తెలియనట్టు అయింది అతని పరిస్థితి. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినప్పుడు అతను ఎదురు ప్రశ్న వేస్తాడు.

"అయితే తెర మీద యట్లా గీసేది? ఏడు వరసల్లో గీస్తే ఆవు తెర మీద పందిలాగా కనిపిస్తాది గదా. కన్ను యాడ పెట్టాలో, కాలు యాడ పెట్టాలో యట్లా తెలుస్తాది?"

"కంటితో సూడొద్దు. నేను సదువుతాను, నువ్వు పెట్టు" అంది రుక్మిణమ్మ.

అటక మీద పాత గళ్ళ కాగితాలు నాలుగు దొరికాయి, అంచులు చెదలు తిన్నా నడుమ బాగానే ఉన్నాయి. ముద్దుకృష్ణ చెప్పులు విడిచాడు. పెన్సిలుతో ఆ నిలువు గళ్ళ మీద పుంగనూరు ఆవును గీశాడు. కంప్యూటరు ముట్టకుండా అతను గీసి పన్నెండేళ్ళయింది, మొదటి ఆవును చెరిపేశాడు, రెండోది కుదిరింది. పుంగనూరు పక్క పల్లెలో పుట్టి పెరిగిన రుక్మిణమ్మ దానికి పొట్ట ఇంకో రెండు గళ్ళు దించమంది. అది ఎప్పుడూ కడుపుతో ఉన్నట్టే కనిపించాలి, లేకపోతే దూడ అనుకుంటారు అంది. తోకను నేలకు తాకించింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టారు. గదిలో కుర్చీ ఒక్కటే, అది మౌసు పట్టుకున్నవాడిది. రుక్మిణమ్మ జరీ కండెల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని, కాగితం మీద చీపురు పుల్ల ఆనించి, పై వరసనుంచి చదవడం మొదలుపెట్టింది. "పదకొండు వదులు. రెండు ఎత్తు. అయిదు వదులు. రెండు ఎత్తు." అవి కొమ్ములు. మొదట ఒక్కో మాటా పొడిపొడిగా వచ్చింది. పది వరసలు దాటేసరికి పాత రాగం దానంతటదే వచ్చేసింది. ముద్దుకృష్ణ చేతిలో మౌసు టక్కు టక్కుమంటోంది. తేజస్విని గోడకానుకుని వింటూ, ఇది అచ్చం మా ప్రోగ్రామింగు క్లాసులాగే ఉండాదత్తా అంది. ఎవరూ పట్టించుకోలేదు. తెర మీద మాత్రం పందికీ చాపకూ పుట్టినట్టున్న ఆకారం ఒకటి నిలువునా నలిగిపోయి తయారవుతోంది. రెండుసార్లు ముద్దుకృష్ణ ఆగి, ఇది ఆవేనా మే అని అడిగాడు. చదివేదాన్ని ఆపొద్దు, లెక్క పోతాది అంది రుక్మిణమ్మ. మధ్యాహ్నం అన్నాలకు లేచేసరికి వరసలన్నీ అయిపోయాయి. ఆమె కాళ్ళు తిమ్మిరెక్కి కాసేపు నిలబడలేకపోయింది.

హరీష్ అట్టలు కొట్టేటప్పుడు ఇదేం జంతువప్పా అన్నాడు. దాసప్ప మాత్రం ఏమీ అడగలేదు, ఎక్కించి నేశాడు. ఆదివారం పొద్దున మగ్గం దగ్గరికే పోయి చూశారు. అంచులో జరీ ఆవు నిలబడి ఉంది. పొట్టి కాళ్ళు, దిగిన పొట్ట, నేల ఊడుస్తున్న తోక. కన్ను ఉన్నచోటనే ఉంది. రుక్మిణమ్మ దాన్ని ముట్టుకోవడానికి భయపడి, మగ్గం కొయ్యను పట్టుకుని చాలాసేపు చూసింది. సంతోషంతో ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఫోటో పంపితే శారదమ్మ మళ్ళీ ఫోను చేయలేదు, తన కొత్త ఇంటి పత్రిక ఫోటో మాత్రం తిరిగి పంపింది, ఇద్దరూ రావాలని.

గృహప్రవేశానికి ఇద్దరూ కుప్పం వెళ్ళారు. ముహూర్తానికి ఆవును గుమ్మం దగ్గరికి తెచ్చారు. అది ఒకసారి కొత్త గ్రానైటు మెట్టును వాసన చూసి, లోపలికి పోనని మొండికేసింది. నలుగురు తోశారు. అరటిపండు చూపించారు. అయ్యవారు మంత్రం ఆపి ఎదురుచూశారు. శారదమ్మ చీర అంచు ఎత్తిపట్టుకుని ఆవు ముందు నడిచింది. అంచులో ఆవులు వరసకట్టి లోపలికి పోతున్నాయి. అసలు ఆవు వాటి వెనకాలే నాలుగడుగులు వేసి నడింట్లోకి వచ్చి పేడ వేసింది. శుభం అన్నారు అందరూ. ఆడవాళ్ళు శారదమ్మ చుట్టూ మూగి అంచు పట్టుకుని చూస్తూ, ఇది ఏ కంప్యూటరులో చేసిందమ్మా అని అడుగుతున్నారు.

ముద్దుకృష్ణ పంక్తిలో కూర్చుని పాయసం తాగుతుండగా ఫోను వచ్చింది. కంపెనీ అమ్మాయి. మీ అదృష్టం సార్, పాత రకం లాకు ఒకటి దొరికింది, రేపు పంపించమంటారా అని అడిగింది.

పక్కన కూర్చున్న రుక్మిణమ్మకు అన్నీ వినిపించాయి. లాకు వస్తే మళ్ళీ అన్నీ అదే చూసుకుంటుంది. మళ్ళీ తను గడప ఇవతల. మంచిదే కదా, మొగుడికి పని సులువవుతుంది కదా అని తనకు తనే చెప్పుకుంది, చెప్పుకున్నా బాధ తగ్గలేదు.

"పంపించమ్మా. పన్నెండేళ్ళ డిజైన్లు దాంట్లోనే ఇరుక్కోని ఉండాయి, పాత విండోస్ మళ్ళీ ఎక్కించి తెరిచి బయటికి తీయాల" అన్నాడు ముద్దుకృష్ణ. ఫోను పెట్టేసి పాయసం గ్లాసు కింద పెట్టాడు. రుక్మిణమ్మ వైపు తిరగకుండానే అన్నాడు. "అది పాతవాటికి. కొత్తవాటికి నువ్వు సదువుదువు."

వెంటనే మాట్లాడితే ఏడుస్తానని రుక్మిణమ్మకు తెలుసు, నలుగురిలో అది ఇష్టం లేదు. విస్తరి మడిచాక నెమ్మదిగా చెప్పింది.

"సదువుతాను గాని, ఆ కండెల పెట్టె మీద కూసోను. నాకొక కుర్చీ కావాల."

ఆ సంగతి తనకు ముందే తోచనందుకు ముద్దుకృష్ణ తడబడి సరే సరే అన్నాడు. తిరుగు ప్రయాణంలో పలమనేరులో బస్సు మారి, పుంగనూరులో దిగారు. బజారులో నాలుగు అంగళ్ళు తిరిగారు. అతను ప్లాస్టిక్ కుర్చీ చాలన్నాడు, ఆమె వినిపించుకోలేదు. చేతులున్నది, వీపుకు మెత్తలున్నది, నీలం రంగుది ఎంచుకుంది. అంగడివాడి ముందే అందులో కూర్చుని, వీపు ఆనించి, మూడు ఎత్తు రెండు వదులు అని ఒక వరస చదివి చూసుకుని, కుదిరిందని లేచింది.

మదనపల్లె బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు ముందు కుర్చీని ఎక్కనివ్వనన్నాడు, తరువాత లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ముద్దుకృష్ణకు కడ్డీ పట్టుకుని నిలబడక తప్పలేదు. అతని చుట్టూ ఇంకో ఇరవైమంది నిలబడ్డారు. రుక్మిణమ్మ మాత్రం నడుమ దారిలో కుర్చీ వేయించుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మదనపల్లె దాకా తన కుర్చీలోనే కూర్చుని వచ్చింది.